తెలుగు ట్రైలర్ల సైటు కడుతున్నాను – ప్లేయర్, డేటా, వెతుకులాట గురించి సలహాలు కావాలి

#1 – కోనసీమ కోడర్

అందరికీ నమస్కారం. తెలుగు సినిమాల ట్రైలర్లు, టీజర్లు, గ్లింప్స్‌లు ఒకేచోట వెతుక్కుని చూసుకునే సైటు ఒకటి కడుతున్నాను. ప్రస్తుతానికి కాగితం మీద ఉన్న ప్లాన్ ఇదీ.

హోమ్ పేజీలో పైన పెద్ద ట్రైలర్ దానంతటదే ఆడుతుంటుంది. దాని కింద "ఈ వారం", "త్వరలో", "ఎక్కువమంది చూసినవి" అని మూడు వరసలు, వరసకి ఎనిమిది యూట్యూబ్ ప్లేయర్లు. సినిమా వివరాలు టీఎండీబీ (సినిమాల డేటాబేస్) ఏపీఐ నుంచి, అంటే ప్రోగ్రాములు డేటా అడిగే దారి నుంచి తీసుకుంటాను. ట్రైలర్ మాత్రం సినిమా పేరు ఇచ్చి యూట్యూబ్ సెర్చ్ ఏపీఐతో పట్టుకోవాలని ఆలోచన. చూసేవాళ్లు ఎక్కువగా మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ల మీదే ఉంటారు. వీడియోలు నా సర్వర్లో పెట్టే ఉద్దేశం లేదు. కోడ్ మొదలుపెట్టకముందే ఎక్కడ దెబ్బతింటానో చెప్పండి.

#2 – ఓరుగల్లు కీబోర్డు

ముందుగాల ఆ ఇరవై నాలుగు ప్లేయర్లు తీసెయ్యి అన్నా. ఒక్క యూట్యూబ్ ఐఫ్రేమే (మన పేజీల వేరే సైటును చూపించే చట్రం) అర మెగాబైటు పైన జావాస్క్రిప్ట్ లాగుతది. ఫైలు ఒక్కసారే దిగినా ప్రతి ఐఫ్రేములో దాన్ని మళ్ల నడపాలె. తక్కువ ర్యామ్ ఫోన్ల స్క్రోల్ అక్కడ్నే ఆగిపోతది.

వరసల్ల ప్లేయర్లు వద్దు, బొమ్మలు పెట్టు. వీడియో ఐడీతోనే థంబ్‌నెయిల్ అడ్రస్ తయారైతది. ఏ సైజు వాడాల్నో చూసుకో:

ఎంక్యూడిఫాల్ట్ 320×180, నల్ల పట్టీలు ఉండవు. వరసల్లకు ఇదే చాలు.
హెచ్‌క్యూడిఫాల్ట్ 480×360. ఇది 4:3, కాబట్టి ట్రైలర్ బొమ్మకు పైనా కిందా నల్ల పట్టీలు వస్తయ్. వాడితే ఆబ్జెక్ట్-ఫిట్ కవర్ పెట్టి 16:9 పెట్టెల కత్తిరించు.
మ్యాక్స్‌రెస్‌డిఫాల్ట్ 1280×720. అన్ని వీడియోలకు ఉండదు. లేనప్పుడు 404తోపాటు 120×90 బూడిదరంగు బొమ్మ వస్తది, బ్రౌజర్ దాన్ని మామూలు బొమ్మ లెక్కనే చూపిస్తది. అందుకని ఆన్‌ఎర్రర్‌ను (బొమ్మ రాకుంటే నడిచే కోడ్) నమ్ముకోకు. బొమ్మ లోడైనంక వెడల్పు 120 ఉందా చూసి కింది సైజుకు మార్చు. ఇంకా మంచిది, సర్వర్ల ఒక్కసారి చూసుకొని ఏ సైజు ఉందో డేటాబేస్‌ల రాసి పెట్టుకో.

బొమ్మ మీద నొక్కినప్పుడే ఐఫ్రేమ్ పుట్టాలె. దీనికి పాల్ ఐరిష్ రాసిన లైట్-యూట్యూబ్-ఎంబెడ్ ఉంది, చిన్నది, మంచిగ పనిచేస్తది. ఒక్క చిక్కు ఉంది. ఫోన్ల బొమ్మ మీద నొక్కినంక ఐఫ్రేమ్ వచ్చినా ఆ నొక్కుడు లోపలి ప్లేయర్‌కు లెక్కలకు రాదు. ఆటోప్లే ఆగిపోయి, మనిషి రెండోసారి నొక్కాల్సి వస్తది. దానికి మందు: ఐఫ్రేమ్ ప్లేయర్ ఏపీఐని లోడ్ చేసి, ప్లేయర్ సిద్ధమైనంక ప్లేవీడియో పిలువు. వేలు తగిలిన క్షణంల, అంటే పాయింటర్ డౌన్‌ల, ప్రీకనెక్ట్ (యూట్యూబ్ సర్వర్‌తోని ముందే కనెక్షన్) మొదలుపెడితే ఇంకింత తొందరగ వస్తది.

ఐఫోన్ కోసం ప్లేస్‌ఇన్‌లైన్=1 మర్చిపోకు. అది లేకుంటే నొక్కంగనే ఫుల్ స్క్రీన్‌కు ఎగిరిపోతది.

#3 – డేటాబేస్ దొరసాని

ప్లేయర్ విషయం పై పోస్టులో సరిగ్గా చెప్పారు. నాకు అసలు భయం సెర్చ్ ఏపీఐ దగ్గరుంది. ఈ సైటు నిలబడేదీ పడేదీ ఒక్క ప్రశ్న మీద: ఈ వీడియో ఏ సినిమాది, ఏ భాషది, అసలైనదేనా? ప్లేయర్ ఎంత అందంగా ఉన్నా ట్రైలర్ బదులు అభిమాని అతికించిన "కాన్సెప్ట్ ట్రైలర్" ఆడితే చూసినవాళ్లు మళ్లీ రారు.

లెక్క చూడండి. యూట్యూబ్ డేటా ఏపీఐ కోటా మామూలుగా రోజుకి 10,000 యూనిట్లు. సెర్చ్ ఒక్కసారికి 100 యూనిట్లు. అంటే రోజుకి వంద వెతుకులాటలతో సరి. వీడియోస్ లిస్ట్, ప్లేలిస్ట్‌ఐటమ్స్ లిస్ట్ మాత్రం పిలుపుకి 1 యూనిట్ చొప్పున, ఒక్కో పిలుపులో 50 వీడియోలు వస్తాయి.

కాబట్టి సెర్చ్ మానేసి ఛానెళ్ల జాబితా పెట్టుకోండి. తెలుగు ట్రైలర్లు వచ్చేది దాదాపు రెండు రకాల ఛానెళ్లలోనే: నిర్మాణ సంస్థలవి (మైత్రీ, సితార, గీతా ఆర్ట్స్, శ్రీ వెంకటేశ్వర క్రియేషన్స్ లాంటివి), ఆడియో కంపెనీలవి (ఆదిత్య, లహరి, సరిగమ, టీ-సిరీస్ తెలుగు). చిన్న సినిమాల ట్రైలర్లు ఎక్కువగా ఆడియో కంపెనీ ఛానెల్లోనే పడతాయి, అందుకే ఆ రెండో రకాన్ని వదలకూడదు. ఛానెల్ ఐడీ "యూసీ"తో మొదలవుతుంది. ఆ రెండక్షరాలూ తీసి "యూయూ" పెడితే ఆ ఛానెల్ అప్‌లోడ్ల ప్లేలిస్ట్ ఐడీ వస్తుంది. అరవై ఛానెళ్లని అరగంటకోసారి చూసినా 60 × 48 = 2,880 యూనిట్లు. మిగతా కోటా వీడియో వివరాలకీ, పాత లింకుల తనిఖీకీ సరిపోతుంది.

టేబుళ్లు మూడు చాలు: సినిమా, వీడియో, రెంటినీ కలిపేది. పాన్ ఇండియా సినిమా అయితే ఒకే ట్రైలర్ ఐదు భాషల్లో ఐదు వేరు వేరు వీడియోలుగా వస్తుంది. కలిపే టేబుల్లో భాష, రకం (గ్లింప్స్, టీజర్, ట్రైలర్, రిలీజ్ ట్రైలర్), వరుస సంఖ్య ఉంచండి.

మై ఎస్‌క్యూఎల్ వాడేవాళ్లకి ఒక మాట. వీడియో ఐడీ 11 అక్షరాలు, అందులో పెద్ద ‘ఏ’ వేరు, చిన్న ‘ఏ’ వేరు. మామూలు కొలేషన్‌లో (డేటాబేస్ అక్షరాల్ని పోల్చే పద్ధతి) రెండూ ఒకటే అయిపోతాయి. ఆ కాలమ్‌కి ఆస్కీ బిన్ కొలేషన్ పెట్టండి. యూఆర్‌ఎల్ మొత్తాన్ని చిన్నక్షరాలకి మార్చే రూలు సర్వర్లో ఎక్కడైనా ఉంటే అది ఐడీని కూడా పాడు చేస్తుంది. బయటికి "వీడియో లేదు" అని మాత్రమే కనిపిస్తుంది, కారణం దొరకదు.

#4 – కోనసీమ కోడర్

చాలా ఉపయోగం అండి, ఇద్దరికీ ధన్యవాదాలు. ఛానెళ్ల పద్ధతికే వెళ్తాను. రెండు సందేహాలు. ఆ ఛానెళ్లలో లిరికల్ పాటలు, ఇంటర్వ్యూలు, ఈవెంట్లు అన్నీ కలిసి ఉంటాయి కదా, ట్రైలర్ని విడదీయడం ఎలా? టీఎండీబీలోనే వీడియోల జాబితా ఉంది, అది సరిపోదా?

#5 – ఫిల్మ్‌నగర్ ఫీడ్

టైటిల్‌ని నిలువు గీత దగ్గర విడగొట్టండి. మన వీడియో టైటిళ్లు చాలావరకు "సినిమా పేరు – ట్రైలర్ | హీరో | దర్శకుడు | సంగీతం" వరసలోనే ఉంటాయి. మొదటి ముక్కలో మాత్రమే ట్రైలర్, టీజర్, గ్లింప్స్ అనే మాటలు వెతకండి. టైటిల్ మొత్తంలో వెతికితే "ట్రైలర్ లాంచ్ ఈవెంట్ లైవ్" కూడా ట్రైలర్ కిందకి వచ్చి కూర్చుంటుంది. లాంచ్, ఈవెంట్, స్పీచ్, రియాక్షన్, లిరికల్, జ్యూక్‌బాక్స్, ప్రోమో, మేకింగ్ అనే మాటలుంటే పక్కన పెట్టండి. నిడివి ఐదు నిమిషాలు దాటితే ఆటోమేటిక్‌గా ఎక్కించకుండా చేత్తో చూసే వరసలో వెయ్యండి.

నిడివి చూసి షార్ట్స్‌ని వేరు చెయ్యొచ్చు అనుకోకండి. 2024 అక్టోబరు 15 నుంచి షార్ట్స్ మూడు నిమిషాల దాకా ఉండొచ్చు. అంటే టీజర్ నిడివీ, షార్ట్ నిడివీ ఒకటే. అప్‌లోడ్ల ప్లేలిస్ట్‌కి "యూయూ" బదులు "యూయూఎల్‌ఎఫ్" పెడితే పొడుగు వీడియోలే వస్తాయి. అధికారిక డాక్యుమెంటేషన్‌లో లేని దారి ఇది, రేపు ఆగిపోయినా అడిగేవాళ్లుండరు. కాబట్టి వాడినా, అది ఖాళీగా వస్తే "యూయూ"కి తిరిగి వెళ్లేలా రాసుకోండి.

ఇంకోటి, ప్రీమియర్. మన వాళ్లు ముహూర్తం చూసి ఉదయం 11:07కి అని ప్రకటిస్తారు, వీడియో ముందే ప్రీమియర్‌గా షెడ్యూల్ చేసి పెడతారు. ఫీడ్‌లో అది కొత్త వీడియోగా వచ్చేస్తుంది. మీరు "ట్రైలర్ వచ్చేసింది" అని పెడతారు, నొక్కితే కౌంట్‌డౌన్ కనిపిస్తుంది. స్నిపెట్‌లో (ఏపీఐ ఇచ్చే వీడియో వివరాల్లో ఒక భాగం) లైవ్‌బ్రాడ్‌కాస్ట్‌కంటెంట్ "అప్‌కమింగ్" అని ఉందో లేదో తప్పకుండా చూడండి. ఉంటే షెడ్యూల్డ్‌స్టార్ట్‌టైమ్ తీసుకుని "త్వరలో" వరసలో టైమ్‌తో సహా పెట్టండి. ఆ టైమ్ యూటీసీలో వస్తుంది, ఐదున్నర గంటలు కలపాలి.

అరగంట ఆగలేం అనుకుంటే వెబ్‌సబ్ వాడండి. ఛానెల్ ఫీడ్‌కి చందాదారుగా చేరితే వీడియో పడగానే యూట్యూబే మీ సర్వర్‌కి కబురు పంపుతుంది, కోటా ఖర్చు లేదు. చందా కొన్ని రోజులకే ముగుస్తుంది, రోజూ ఒక క్రాన్‌తో (టైముకి దానంతటదే నడిచే పని) పునరుద్ధరించుకుంటే నిశ్చింత. టైటిల్ మార్చినా కబురు వస్తుంది. కాబట్టి వీడియో ఐడీ ముందే ఉంటే కొత్తది చెయ్యకుండా పాతదాన్నే దిద్దండి.

#6 – డేటాబేస్ దొరసాని

టీఎండీబీ గురించి. సినిమా వివరాలకీ, పోస్టర్లకీ అది మంచిదే. వీడియోలకి ఒక్కదాన్నే నమ్మకండి. అవి వాలంటీర్లు చేర్చేవి. పెద్ద సినిమాకి వెంటనే చేరతాయి, చిన్న సినిమాకి చేరకపోవచ్చు. భాష తప్పుగా నమోదైనవీ ఉంటాయి.

వీడియోలు అడిగేటప్పుడు లాంగ్వేజ్ పారామీటర్ ఒక్కటే ఇస్తే ఆ భాషలో నమోదైనవే వస్తాయి. ఇంక్లూడ్-వీడియో-లాంగ్వేజ్‌లో తెలుగు, ఇంగ్లీషు, నల్ (భాష నమోదు కానివి) మూడూ ఇవ్వండి. తెలుగు సినిమాల జాబితాకి డిస్కవర్‌లో (టీఎండీబీలో సినిమాల్ని వడగట్టి అడిగే చోటు) మూల భాష "టీఈ" అని ఇస్తే చాలు. విడుదల రకాల్లో 3 అంటే థియేటర్, 4 అంటే డిజిటల్. ఓటీటీ వరస పెట్టాలంటే ఆ 4 మీద ఆధారపడాలి.

షరతులు కూడా చూసుకోండి. టీఎండీబీ పేరూ లోగో చూపించాలి, వారి ఆమోదం లేదన్న వాక్యం పెట్టాలి. సైటు మీద డబ్బు సంపాదిస్తే వేరే వాణిజ్య లైసెన్సు కావాలి. "ఎక్కడ చూడొచ్చు" అన్న సమాచారం జస్ట్‌వాచ్ నుంచి వస్తుంది, వాళ్ల పేరు కూడా వెయ్యాలి. తెలుగు లిపిలో పేర్ల కోసం వికీడేటా చూడండి. సీసీ0 (ఎవరైనా స్వేచ్ఛగా వాడుకునే లైసెన్సు) కింద ఉంది, టీఎండీబీ ఐడీతో కలుపుకోవచ్చు.

#7 – అక్షరాభిమాని

తెలుగు అక్షరాల గురించి ఎవరూ అడగలేదు, నేనే చెబుతాను. ఎందుకంటే ట్రైలర్ సైట్లలో కార్డు కింద పేరే మొదట చెడుతుంది.

కార్డు కింద పేరుకి లైన్-హైట్ (వరస ఎత్తు) 1.2 పెట్టి, ఓవర్‌ఫ్లో దాచేస్తే "రాష్ట్రం" అన్న మాటలో కింది ట వత్తు సగానికి తెగుతుంది, దానికున్న ర వత్తు కూడా చూపు తప్పుతుంది. ఇంగ్లీషు పేర్లతో పరీక్షిస్తే ఇది కనపడనే కనపడదు. 1.6కి తగ్గకండి, లైన్-క్లాంప్ (ఇన్ని వరసలకి అని కోసే రూలు) ఉన్నచోట కింద నాలుగు పిక్సెళ్ల ప్యాడింగ్ ఇవ్వండి. పరీక్షకి "రాష్ట్రం", "జ్యోత్స్న", "లక్ష్మి", "స్త్రీ" అనే నాలుగు మాటలు పెట్టుకోండి, అవి బాగుంటే మిగతావన్నీ బాగుంటాయి.

పొడుగు పేరుని జావాస్క్రిప్ట్‌లో ఇన్ని అక్షరాలకి అని కొయ్యకండి. "స్త్రీ"లో ఆరు యూనికోడ్ పాయింట్లున్నాయి. మధ్యలో తెగితే "స్" మిగులుతుంది. కోతని సీఎస్‌ఎస్‌కే వదిలెయ్యండి.

లెటర్-స్పేసింగ్ తెలుగు మీద వాడొద్దు. ఇంగ్లీషులో పోస్టర్ లుక్ కోసం పెట్టిన రూలు తెలుగుకీ అంటుకుని మాట విడివిడిగా కనిపిస్తుంది. ఫాంట్లలో నోటో సాన్స్ తెలుగు చదవడానికి, రామభద్ర శీర్షికలకి బాగుంటాయి. యూనికోడ్-రేంజ్ 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు ఇస్తే తెలుగు లేని పేజీలో ఫాంటు దిగదు.

#8 – డల్లాస్ తెలుగు

ఇండియా బయట చూసేవాళ్ల వైపు నుంచి రెండు మాటలండీ.

కొన్ని ట్రైలర్లు కొన్ని దేశాల్లో ఆడవు. వీడియో వివరాల్లో రీజియన్‌రిస్ట్రిక్షన్ చూడండి. అందులో "అలౌడ్" జాబితా గానీ "బ్లాక్డ్" జాబితా గానీ ఉంటుంది. అలౌడ్ ఉండి ఖాళీగా ఉంటే ఎక్కడా ఆడదని అర్థం, బ్లాక్డ్ ఖాళీగా ఉంటే అన్నిచోట్లా ఆడుతుందని. ఈ రెండూ తారుమారు చేస్తే సగం సైటు మాయమవుతుంది. సీడీఎన్ (సైటుని దగ్గరి సర్వర్ల నుంచి అందించే సేవ) ఇచ్చే దేశం కోడ్‌తో పోల్చి, ఆడని వీడియోకి బదులు అదే సినిమా ఇంకో ఛానెల్‌లో ఉన్న ట్రైలర్ ఇవ్వండి.

విడుదల తేదీ దేశం వారీగా నమోదు చేసి ఉంచండి. అమెరికాలో ప్రీమియర్లు మామూలుగా ఇండియా విడుదలకి ముందు రోజు సాయంత్రం పడతాయి. ఒకే తేదీ చూపిస్తే ఇక్కడివాళ్లకి అది తప్పుడు సమాచారం.

#9 – ఫిల్మ్‌నగర్ ఫీడ్

తేదీ మాట వచ్చింది కాబట్టి. మన దగ్గర "సంక్రాంతికి", "వేసవికి", "దసరాకి" అని ప్రకటించి తర్వాత రోజు చెబుతారు, ఆ పైన వాయిదా వేస్తారు. తేదీ కాలమ్ ఒక్కటే ఉంటే "సంక్రాంతికి" అన్నదాన్ని జనవరి 1గానో 14గానో రాసేస్తారు, సైటు లేని తేదీని ప్రచారం చేస్తుంది. తేదీ పక్కన ఖచ్చితత్వం అనే కాలమ్ పెట్టండి: రోజు, నెల, సీజన్, ఏడాది. పాత తేదీని చెరపకుండా కొత్త వరసగా చేర్చండి. ప్రకటించిన వీడియో లింకు పక్కనే ఉంటే ఎవరైనా సరిచూసుకోవచ్చు.

సెన్సార్ సర్టిఫికెట్ ఖాళీగా ఉంటే ‘యు’ అని వెయ్యకండి. ట్రైలర్ వచ్చేనాటికి చాలా సినిమాలకి సెన్సార్ అవ్వదు. 2024 నియమాల ప్రకారం యూఏ ఇప్పుడు 7+, 13+, 16+ అని మూడు, వాటికి చోటుంచండి.

#10 – వైజాగ్ యూఐ

హోమ్ పేజీలో పైన ట్రైలర్ దానంతటదే ఆడాలన్నది మ్యూట్‌లో పెడితే బాగుంటుంది కదా? వరసల్లో కూడా వేలు ఆగిన కార్డు మీద చిన్న ప్రివ్యూ ఆడితే చూడముచ్చటగా ఉంటుంది. ట్రైలర్ల సైట్లో కదలిక లేకపోతే ఎలా?

#11 – ఓరుగల్లు కీబోర్డు

పైన ఒక్కటి అయితే సరే, మ్యూట్ల. వరసల్ల మాత్రం నేను ఒప్పుకోను. యూట్యూబ్ షరతుల ప్రకారం ఒక పేజీల ఒకేసారి ఒక్కటే ప్లేయర్ ఆటోప్లే కావాలె, అదీ సగం కంటే ఎక్కువ తెర మీద కనిపిస్తున్నప్పుడే. ప్లేయర్ కనీసం 200×200 ఉండాలె, దాని మీద మన బటన్లు, మన లోగో కప్పొద్దు. అయినా, చూడాలని అనుకోని వీడియోకు చూసేటాయన డేటా ప్యాక్ ఎందుకు కరగాలె? పైదాన్ని కూడా డేటా సేవర్ ఆన్ ఉన్నోళ్లకు, తక్కువ కదలిక సెట్టింగ్ పెట్టుకున్నోళ్లకు బొమ్మగానే చూపియ్యి.

ఇగ చూసే పేజీ సంగతి. చాలామంది ఇక్కడ జారతరు.

"తర్వాతి ట్రైలర్" నొక్కినప్పుడు ఐఫ్రేమ్ అడ్రస్ మారిస్తే బ్రౌజర్ హిస్టరీల ఒక మెట్టు చేరుతది. ఐదు ట్రైలర్లు చూసినోడు వెనక్కి పోవాలంటే ఐదుసార్లు నొక్కాలె. లోడ్‌వీడియోబైఐడీ వాడు, హిస్టరీ కదలదు.

పాపప్‌ల ప్లేయర్ పెడితే, తెరిచేటప్పుడు పుష్‌స్టేట్ (హిస్టరీల ఒక మెట్టు చేర్చుడు) చెయ్యి. ఆండ్రాయిడ్‌ల బ్యాక్ నొక్కితే పాపప్ మూసుకోవాలె, సైటే మూసుకోవద్దు. ఎస్కేప్ మీద ఆధారపడకు. ఫోకస్ ఐఫ్రేమ్ లోపలికి పోయినంక కీ నొక్కులు మన పేజీకి చేరవు. కనిపించే మూత బటన్, ప్లేయర్ బయట, 44 పిక్సెళ్లకు తక్కువ కాకుండ ఉంచు. నా మాటయితే పాపప్ కంటే ప్రతి ట్రైలర్‌కు సొంత పేజీనే మేలు.

ట్రైలర్ అయిపోంగనే యూట్యూబ్ వేరే వీడియోలు చూపిస్తది. రెల్=0 (సంబంధిత వీడియోలు వద్దనే సెట్టింగ్) పెట్టినా 2018 నుంచి అది పూర్తిగా ఆగదు, అదే ఛానెల్‌వి వస్తయ్. స్టేట్ 0 (వీడియో అయిపోయిందని ప్లేయర్ చెప్పే గుర్తు) రాంగనే ప్లేయర్‌ను తీసేసి, ఆ జాగల మన పోస్టర్, టీజర్, పాటల లింకులు పెట్టు. ప్లేయర్ మీద కప్పుడు కాదు కాబట్టి షరతులకు అడ్డం రాదు.

తప్పుల కోడ్లు: 100 అంటే వీడియో తీసేసిండ్రు లేదా ప్రైవేట్ చేసిండ్రు. 101, 150 రెండూ ఒకటే, ఎంబెడ్‌కు అనుమతి లేదు. 153 వస్తే తప్పు మన దిక్కు ఉంది, రెఫరర్ (ఏ సైటు నుంచి అడుగుతున్నరో చెప్పేది) పోతలేదు. సర్వర్ల రెఫరర్-పాలసీ "నో-రెఫరర్" అని ఉంటే గిట్ల అయితది. ఐఫ్రేమ్‌కు "స్ట్రిక్ట్-ఆరిజిన్-వెన్-క్రాస్-ఆరిజిన్" పెట్టు.

#12 – డేటాబేస్ దొరసాని

100, 101 కోడ్లు చూసేవాళ్లకి కనిపించేదాకా ఆగక్కర్లేదు. విడుదలయ్యాక హక్కులు మారి పాత ట్రైలర్లు మాయమవుతూనే ఉంటాయి. 20,000 ట్రైలర్లున్నా యాభై చొప్పున 400 పిలుపులు, 400 యూనిట్లు. ఏపీఐ డేటాని తాజా చెయ్యకుండా 30 రోజులు మించి ఉంచకూడదన్న షరతు ఎలాగూ ఉంది, కాబట్టి వారానికోసారి అన్నిటినీ తిప్పండి. తీసేసిన వీడియోకి వీడియోస్ లిస్ట్ తప్పు చూపించదు, ఆ ఐడీని జవాబులోంచి ఊరికే వదిలేస్తుంది. పంపిన యాభైకీ, వచ్చినవాటికీ తేడా మీరే తీయాలి. స్టేటస్‌లో ఎంబెడబుల్ అబద్ధమైతే పేజీలో "యూట్యూబ్‌లో చూడండి" లింకు మాత్రం ఇవ్వండి. వయసు ఆంక్ష ఉన్న వీడియోలు కూడా బయట సైట్లలో ఆడవు, వాటికీ ఇదే దారి.

#13 – కోనసీమ కోడర్

అద్భుతం అండి. ఇక మిగిలింది వెతుకులాట. తెలుగులో కొట్టేవాళ్లూ, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లూ ఇద్దరూ ఉంటారు. ఒకే పెట్టెలో రెండూ పనిచెయ్యాలంటే?

#14 – అక్షరాభిమాని

ప్రతి పేరుకీ ఒక "మడత రూపం", అంటే స్పెల్లింగు తేడాలు తీసేసిన రూపం, తయారు చేసి ఉంచండి. బాహుబలి అధికారిక ఇంగ్లీషు స్పెల్లింగులో ‘బి’ తర్వాత రెండు ‘ఏ’లున్నాయి, కొట్టేవాళ్లలో చాలామంది ఒక్కటే వేస్తారు. రెండూ ఒకే మడతకి రావాలి.

వరస ఇదీ. ముందు తెలుగు పేరుని ఎన్‌ఎఫ్‌సీకి (ఒకే అక్షరానికి ఒకే యూనికోడ్ రూపం) మార్చి, కనిపించని జెడ్‌డబ్ల్యూఎన్‌జే అక్షరాలు తీసెయ్యండి. ఇవి "ఫ్రెండ్‌షిప్" లాంటి మాటల్లో పొల్లు నిలబెట్టడానికి వాడతారు, కొందరు వేస్తారు, కొందరు వెయ్యరు. తర్వాత రోమన్ అక్షరాల్లోకి మార్చండి. చిన్నక్షరాలు చెయ్యండి. రెండు ‘ఏ’లని ఒకటిగా, రెండు ‘ఈ’లని ‘ఐ’గా, రెండు ‘ఓ’లని ‘యూ’గా మడవండి. ‘టీహెచ్’ని ‘టీ’గా, ‘డీహెచ్’ని ‘డీ’గా, ‘డబ్ల్యూ’ని ‘వీ’గా, జంట హల్లుల్ని ఒక్కటిగా. చివరగా ఖాళీలు తీసెయ్యండి, ఎందుకంటే మన పేర్లని ఒకరు కలిపి, ఒకరు విడగొట్టి రాస్తారు. వెతికేవాళ్లు కొట్టిన మాటకీ అచ్చంగా ఇదే మడత వెయ్యాలి, ఒకే ఫంక్షన్ రెండుచోట్లా వాడండి.

ఆ మడత కాలమ్ మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పీజీ-టీఆర్‌జీఎమ్ ఇండెక్స్ (మూడేసి అక్షరాల ముక్కలతో పోల్చేది) పెడితే ఒకటి రెండు అక్షరాల తప్పులు కూడా దొరుకుతాయి. నాలుగక్షరాల లోపు పేర్లకి మూడక్షరాల పోలిక పనిచెయ్యదు, వాటికి మొదలు కలిస్తే చాలన్న రూలు వేరేగా రాయండి.

#15 – డల్లాస్ తెలుగు

లింకు ఎలా ఉండాలన్నది ఇప్పుడే తేల్చుకోండి, తర్వాత మార్చడం నరకం. తెలుగు లిపిలో లింకు పెడితే ఒక్కో అక్షరం తొమ్మిది గుర్తులుగా మారి వాట్సాప్‌లో సగం తెర నిండిపోతుంది. రోమన్ పేరు, ఏడాది, సైటు సొంత ఐడీ చాలు. ఏడాది ఎందుకంటే, "దేవదాసు" పేరుతో 1953లో ఒకటి, 1974లో ఒకటి, 2006లో ఒకటి ఉన్నాయి.

మన జనం ట్రైలర్ని పంచుకునేది వాట్సాప్‌లోనే. ప్రివ్యూ తీసే బాట్ జావాస్క్రిప్ట్ నడపదు, ఓజీ ట్యాగులు (ప్రివ్యూకి పేరు, బొమ్మ చెప్పేవి) సర్వర్ నుంచే రావాలి. బొమ్మ 1200×630, 300 కిలోబైట్ల లోపు. నిలువు పోస్టర్ ఇస్తే హీరో తల తెగుతుంది.

#16 – వైజాగ్ యూఐ

కీబోర్డు గారూ, వరసల్లో ప్రివ్యూ విషయం ఒప్పుకుంటున్నా, ఆ షరతు ఉన్నప్పుడు వాదనే లేదు. గూగుల్ కోసం ఒకటి చేరుస్తా: వీడియోఆబ్జెక్ట్ స్కీమాలో (గూగుల్ చదవడానికి పేజీలో రాసే వీడియో వివరాలు) పేరు, థంబ్‌నెయిల్, అప్‌లోడ్ తేదీ తప్పనిసరి, నిడివి "పీటీ2ఎమ్31ఎస్" తరహాలో. 2023 డిసెంబరు నుంచి వీడియోనే ప్రధానమైన పేజీలే వీడియో ఫలితాల్లో వస్తున్నాయి. ఇరవై బొమ్మల వరస పేజీకి స్కీమా పెట్టినా లాభం లేదు. ట్రైలర్‌కి సొంత పేజీ, ప్లేయర్ పైనే, స్క్రోల్ చెయ్యకుండా కనిపించాలి.

#17 – డేటాబేస్ దొరసాని

ప్రకటనలు పెట్టే ఆలోచన ఉంటే ఒక హెచ్చరిక. యూట్యూబ్ వీడియో తప్ప ఇంకేమీ లేని పేజీలో ప్రకటనలు అమ్మకూడదు. ప్లేయర్ లోపల, మీద అసలే కుదరదు. కథ రెండు ముక్కల్లో, నటీనటులు, సాంకేతిక నిపుణులు, తేదీల చరిత్ర, ఏ ఓటీటీలో ఉంది – ఇలాంటి సొంత విలువ పేజీలో ఉండాలి. అవి తెలుగులో రాయగలిగితే ఈ సైటుకి అదే అసలు బలం.

#18 – కోనసీమ కోడర్

సరేనండి. ముందు ఛానెళ్ల జాబితా, టైటిల్ విడగొట్టే కోడ్, చేత్తో చూసే వరస కడతాను, సైటు ముఖం తర్వాత. జాబితా ఇక్కడే పెడతాను, వదిలేసిన చిన్న ఆడియో కంపెనీల ఛానెళ్లు ఏవైనా ఉంటే చేర్చండి. మడత ఫంక్షన్‌కి పరీక్ష పేర్లు కూడా కావాలి: ఇంగ్లీషు స్పెల్లింగు మూడు నాలుగు రకాలుగా రాసే సినిమా పేర్లు ఎవరికి తోచినవి వాళ్లు కింద వెయ్యండి.